ఎనిమిదో కాలు

నోటు 1. కాళ్ళు: 22

ఈ ఉదయం ఇరవై రెండు కాళ్ళు తాకాను. నిన్నటిదాకా పదకొండే.

మిగతా పదకొండూ నాతో పాటు పగలు చేసే నర్సు ఎస్తేరువి. నిన్న సాయంత్రం హాలు కప్పుకి రెండో ఆడపడుచుని బిగించి, ఎస్తేరుని ఉప్పుకొటార్ల అవతలి కేంద్రానికి పంపేశారు. ఆడపడుచన్నది మేం పెట్టుకున్న పేరు, కాగితాల్లో దానికి చాలా పెద్ద పేరుంది. కప్పు మీది పట్టాల వెంట జరుగుతూ వచ్చి, రెండు పొడుగాటి చేతులు కిందికి దించి మనుషుల్ని పక్కకి తిప్పుతుంది, నీళ్ళు పడుతుంది, నాడి చూస్తుంది. తక్కిన సమయమంతా మేం ఎక్కడ ఎంతసేపు నిలబడ్డామో రాసుకుంటుంది. లెక్కకి మనిషే, పనికి సగం మనిషి, చాడీలకి మాత్రం ఇద్దరి పెట్టు. అందుకే ఆ పేరు.

చట్టం ప్రకారం ఒక నర్సుకి ఎనిమిది మంది. ఆడపడుచు కూడా నర్సే అని రెండేళ్ళ కిందట అందులో ఒక మాట చేర్చారు. అంటే ఇద్దరు ఆడపడుచులూ నేనూ కలిసి ముగ్గురం. మూడెనిమిదులు ఇరవై నాలుగు. హాల్లో ఉన్నది ఇరవై రెండు మంది. కాబట్టి గుమ్మం మీది పలక పచ్చగా వెలుగుతూ, సిబ్బంది సరిపోయారు, ఇంకా ఇద్దరికి చోటుంది అంటోంది. నేను దాని వైపు చూడటం మానేశాను.

ఇక్కడ షిఫ్టు మారడమంటే కాళ్ళు తాకడమే. ఈ చల్లగుట్ట గృహంలో ఉన్న ప్రతి ముసలి మనిషి ఎడమ కాలికీ ఒక పట్టీ ఉంటుంది, మా మణికట్టుకి ఒకటి. వెళ్ళే నర్సు మంచం మంచం దగ్గరా పేరు చెప్తుంది, వచ్చిన నర్సు ఆ కాలు తాకి 'నాది' అంటుంది. పట్టీ రంగు మారుతుంది. అప్పటినుంచి ఆ మనిషి పడ్డా లేచినా వచ్చిన నర్సుదే పూచీ. ఆఖరి కాలు తాకేదాకా వెళ్ళే నర్సుకి గుమ్మం తెరుచుకోదు. పెద్దవాళ్ళ కాళ్ళు కాబట్టి మొదట్లో ఎవరో తాకిన చెయ్యి కళ్ళకద్దుకున్నారట, ఇప్పుడు అందరం అలాగే చేస్తాం. మధ్యలో ఒక కాలు వదిలేస్తే ఆ మనిషి ఇక నడవరని నర్సుల్లో ఒక నమ్మకం. మా హాల్లో నడిచేవాళ్ళు నలుగురే, అయినా ఎవరూ వదలరు.

ఉదయం ఏడింటికి నాకు కాళ్ళప్పగించింది తవిటప్ప, అంటే మా తవిటమ్మక్క. రాత్రి షిఫ్టు ఆమెది. నాకంటే ఇరవై ఏళ్ళు పెద్ద, ఈ పనిలో నాకు అక్షరాలు దిద్దించిన మనిషి. పన్నెండో కాలు దగ్గర ఎస్తేరు కోసం వెనక్కి తిరిగి చూసింది.

"ఎస్తేరేదమ్మీ?"

"పంపీసినారప్పా. ఇంక నేనొక్కత్తినే."

ఆమె మిగతా పేర్లన్నీ నెమ్మదిగా చెప్పింది. గుమ్మం తెరుచుకున్నాక కూడా కాసేపు నిలబడి, "నాకు ఎల్లాలనిపిత్తం నేదు" అని, వెళ్ళింది.

షిఫ్టు చివర తెర మీద 'సొంత మాటలు' అని ఒక గడి వస్తుంది. అదీ చట్టం ఇచ్చిందే. ఏడేళ్ళు దాచి తీరాలట, చదివి తీరాలని మాత్రం ఎక్కడా లేదు. ఆరేళ్ళుగా అందులో 'ఏమీ లేదు' అని నొక్కి వెళ్ళిపోయేదాన్ని. ఇవాళ్టి నుంచి ఉన్నది ఉన్నట్టు రాస్తాను. చెవిటివాడి ముందు శంఖమే అనుకోండి, ఊదినదానికి నా గుండె బరువైనా తగ్గుతుంది.

నోటు 4. కాళ్ళు: 22

లాస్యమ్మ గారి గురించి రాయాలి. పదకొండో మంచం, తొంభై ఒక్క ఏళ్ళు. ఈ కాలం ముసలివాళ్ళ పేర్లన్నీ ఇలాగే ఉంటాయి: లాస్య, ప్రణీత్, హర్షిత, జస్వంత్. మా తరానికి వచ్చేసరికి కన్నవాళ్ళకి పాత పేర్ల మీద మోజు పుట్టి నేను అసిరమ్మనయ్యాను. "అసిరమ్మేంటే, మా తాతమ్మ పేరులా" అని లాస్యమ్మ గారు వారానికోసారి కొత్తగా ఆశ్చర్యపోతారు. సముద్రం పట్టాల మీదికి రాకముందు, రైళ్ళింకా తీరం వెంట నడిచిన రోజుల్లో ఆవిడ టికెట్లు తనిఖీ చేసేవారు. ఇప్పటికీ మంచం పక్కన కాలు పెట్టిన ప్రతివాళ్ళనీ టికెట్టు అడుగుతారు. ఆడపడుచుని కూడా అడిగారు. అది చూపించలేదని దాని మీద కోపం.

చోడంబలి, అదే రాగుల జావ, ఒక చెంచా పెడితే ఆవిడ బుగ్గన దాచుకుంటారు. ఎదురుగా ఎవరైనా కూర్చుని మాట్లాడుతుంటే ఆ మాటల ధ్యాసలో మింగేస్తారు. మాట ఆగితే గుటక ఆగుతుంది. అలా గిన్నె ఖాళీ కావడానికి నలభై నిమిషాలు పడుతుంది. ఆడపడుచు చెంచాకీ చెంచాకీ మధ్య ఇరవై సెకన్లు ఆగుతుంది, అంతకంటే ఆగడం దానికి నేర్పలేదు. రెండో చెంచాకి ఆవిడకి పొలమారుతుంది, మూడో చెంచాకి నోరు మూసేసుకుంటారు. అది 'నిరాకరించారు' అని రాసుకుని పక్క మంచానికి జరిగిపోతుంది.

పది రోజుల్లో ఐదు రోజులు సగం కంటే తక్కువ తిన్నవాళ్ళకి తెర మీద ఒక ప్రశ్న వస్తుంది. 'మింగలేరు. ధ్రువీకరించండి.' నర్సు వేలు పెడితే చలువ గదికి పంపుతారు. అక్కడ ఒళ్ళు చల్లబరిచి నిద్రపుచ్చి, గొట్టంతో తిండి పంపుతారు. ఒక నర్సుకి రెండు వందల మంది. బయట యాభై డిగ్రీల ఎండ, మధ్యాహ్నం సైరన్ మోగాక వీధిలో పిట్ట ఉండదు, అందుకని ఆ పేరు వింటే మా ముసలివాళ్ళకి ఆశ పుడుతుంది. అక్కణ్ణించి తిరిగొచ్చిన మనిషిని నేనింతవరకు చూడలేదు.

ఎస్తేరు ఉన్నప్పుడు నేను లాస్యమ్మ గారికి తినిపిస్తుంటే ఆమె హాలు చూసేది, ఆమె స్నానాలు చేయిస్తుంటే నేను చూసేదాన్ని. లాస్యమ్మ గారికి ఒక మేనకోడలుంది, వచ్చినప్పుడల్లా తనే తినిపిస్తుంది. ఇప్పుడు గాలుల కాలం, దూరపు లాంచీలు ఆపేశారు. ఎస్తేరు వెళ్ళి నాలుగు రోజులు, ఆవిడ తక్కువ తిన్న రోజులు అప్పుడే రెండు.

నోటు 5. కాళ్ళు: 22

ఈరోజు పంతం పట్టాను. ఏమైతే అదవుతుందని మధ్యాహ్నం స్టూలు లాక్కుని పదకొండో మంచం దగ్గర కూర్చున్నాను.

"టికెట్టుందా?" అన్నారు.

"ఉంది మామ్మా. ఇదిగో ఈ చెంచా తీసుకోండి, చూపిస్తాను."

"ఎక్కడిదాకా?"

"పలాస దాకా."

"పలాసలో దిగితే జీడిపప్పు కొనుక్కో. ప్లాట్‌ఫారం మీద కొనకు, బయట కొట్లో కొను." ఆ మాటతో పాటు ఒక గుటక. పలాసా లేదు, ప్లాట్‌ఫారమూ లేదు, అయినా ఆ స్టేషను తర్వాత ఇంకో స్టేషను అడుగుతూ వెళ్ళాను. గిన్నెలో మూడొంతులు అయిపోయింది. నాకెంత సంతోషంగా ఉందో చెప్పలేను.

ముప్పై ఎనిమిదో నిమిషంలో స్నానాల గదిలో చప్పుడైంది. ప్రణీత్ తాత. ఎనభై ఎనిమిదేళ్ళ మనిషి, ఒకరి సాయం అడగడం చిన్నతనమనుకుంటారు. నేను కనబడకపోయేసరికి తనే లేచి వెళ్ళారు. నేను వెళ్ళేసరికి నేల మీద పక్కకి పడి ఉన్నారు, కాలు బయటికి తిరిగిపోయి ఉంది. "ఏం కాలేదమ్మా, జారానంతే, ఎవరికీ చెప్పకు" అన్నారు. తుంటి విరిగిందని చూడగానే తెలిసింది. స్నానాల గది మీదికి పట్టాలు లేవు కాబట్టి ఇద్దరు ఆడపడుచులూ గుమ్మం దగ్గరికొచ్చి ఆగిపోయాయి. నేనొక్కదాన్నే ఆయన తల ఒళ్ళో పెట్టుకుని, స్ట్రెచర్ వచ్చేదాకా కూర్చున్నాను.

సాయంత్రం నా పేరు పక్కన ఎర్ర గీత పడింది. 'నర్సు ఒకే మంచం వద్ద ముప్పై ఎనిమిది నిమిషాలు. ఇతరులను విస్మరించారు.' రెండో గీత పడితే మణికట్టు పట్టీ కత్తిరిస్తారు, ఇక ఎక్కడా నర్సుగా పనికిరాను.

లాస్యమ్మ గారికి తినిపించకపోతే ఆవిడ పోతారు, తినిపిస్తే ఇంకొకరు పడతారు. నేను చేసిన తప్పేమిటో ఎంత ఆలోచించినా నాకు దొరకలేదు. ప్రణీత్ తాత మొహం మాత్రం కళ్ళ ముందునుంచి పోవడం లేదు.

నోటు 6. కాళ్ళు: 22

ప్రణీత్ తాత మంచం తెల్లారేసరికి నిండిపోయింది. కొత్తాయన పేరింకా నాకు నోరు తిరగలేదు.

ఇన్‌చార్జి దమయంతి మేడం గదికి వెళ్ళాను. ఆవిడ చెడ్డ మనిషి కాదు. కుర్చీ చూపించి మంచినీళ్ళిచ్చారు.

"మేడం, ఇంకో మనిషి కావాలి. యంత్రం కాదు, మనిషి."

"నేనూ నర్సుగా చేసినదాన్నే అసిరమ్మా, నాకు తెలియదా. పలక ఎర్రగా ఉంటే పైకి రాయగలను. పచ్చగా ఉంటే ఏమని రాయమంటావు?"

"ప్రణీత్ తాత పడ్డారని రాయండి."

"రాశాను. నర్సు పొరపాటు అని వర్గీకరించి పంపారు. నేను అలా రాయలేదు." ఆవిడ కిటికీ వైపు చూస్తూ, గొంతు తగ్గించి అన్నారు: "ఎనిమిదో కాలు దగ్గర ఆగే హక్కు నీకుంది. ఎప్పుడైనా వాడావా?"

ఆ హక్కు సంగతి నాకు తెలుసు. ఉద్యోగంలో చేరిన రోజు చదివి వినిపించారు. ఎనిమిది కాళ్ళు తాకాక నర్సు చెయ్యి వెనక్కి తీసుకోవచ్చు, ఎవరూ బలవంతం చెయ్యకూడదు. సాయంత్రం తవిటప్ప వచ్చినప్పుడు ఆ మాట ఎత్తాను. ఆమె నవ్వింది.

"ఆగొచ్చు. ఎందుకాగకూడదు. నువ్వాగితే మిగిలిన పద్నాలుగు మందీ ఎవుల మెడకుంటారు? నా మెడకే గదా. నువ్వాగితే నానింటికెల్లనేను, నానాగితే నువ్వెల్లనేవు. ఆఫీసోడు మాత్రం ఆరింటికే ఎలిపోతాడు."

"మరి హక్కెందుకిచ్చారప్పా?"

"ఇచ్చినామని సెప్పుకోడానికమ్మీ."

నోటు 9. కాళ్ళు: 22

తక్కువ తిన్న రోజులు నాలుగయ్యాయి. మూడు రోజులుగా మధ్యాహ్నం పదకొండో మంచం పక్కనుంచి వెళ్తూ నాలుగు చెంచాలు పెట్టి, రెండు మాటలు చెప్పి, గంట మోగితే పరిగెత్తడం. ఆవిడ బుగ్గలో అంబలి అలాగే ఉండి, నేను తిరిగొచ్చేసరికి చీర మీదికి కారుతోంది. తుడుస్తుంటే నాకు సిగ్గేసింది. రేపూ ఎల్లుండీ సరిగ్గా తింటే మొదటి తక్కువ రోజు లెక్కలోంచి జారిపోతుంది, ఆవిడ గట్టెక్కుతారు. రెండు రోజులు చాలు.

తవిటప్పకి చెప్పాను. ఆమె కాళ్ళు తాకడం ఆపి, అక్కడే మంచం అంచున కూర్చుంది. ఈమధ్య ఎక్కడ చోటు కనబడితే అక్కడ కూర్చుంటోంది. చీలమండల దగ్గర వాపు చెప్పుల పట్టీల మీదికి దిగింది.

"రేపొద్దున్న నువ్వు ఎనిమిదో కాలు కాడ ఆగిపో" అంది.

"నువ్వేమైపోతావు?"

"నానుంటాను. రేత్తిరేడుకి ఎక్కిన మనిషిని, మర్నాడు సాయంత్రమేడుకి ఇరవై నాలుగ్గంటలవుద్ది. ఒక నర్సు ఇరవై నాలుగు దాటితే పలక ఎర్రబడాలి, చట్టంలో ఉంది. ఎర్రబడితే మేడం రాత్తాది. అప్పుడు మనిషిని పంపక ఏటి సేత్తారు? పైగా రేపు పగలంతా మనమిద్దరముంటాం, ఆ ముసిల్దానికి నువ్వు తిండెట్టొచ్చు."

"నీ కాళ్ళు చూసుకున్నావా అప్పా?"

"నా కాళ్ళకి పట్టీ నేదులే, ఎవులూ తాకక్కర్నేదు" అని లేచింది.

వద్దనాలి. ఆ కాళ్ళు చూశాక ఎవరైనా వద్దంటారు. నేను అనలేదు.

నోటు 10. కాళ్ళు: 8, తర్వాత 28

ఉదయం ఎనిమిది కాళ్ళు తాకాను. తొమ్మిదో మంచం దగ్గరికి వెళ్ళేసరికి నా చెయ్యి దానంతటదే కిందికి వంగింది. ఆరేళ్ళ అలవాటు. రెండో చేత్తో దాన్ని పట్టుకోవాల్సి వచ్చింది. ఆ మంచం మీది హర్షితమ్మ గారు కాలు ముందుకు చాపి ఎదురుచూస్తున్నారు. "ఏం, నన్ను తాకవా?" అన్నారు. "ఆగుతున్నాను" అని గట్టిగా అన్నాను, చట్టం ప్రకారం పైకి వినబడేలా చెప్పాలి. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. తవిటప్ప మాత్రం "ఆఁ, సరే, ఇంక పని సూడు" అంది.

ఆ తర్వాత పగలంతా నా ఉద్యోగంలోకెల్లా మంచి రోజు. హాల్లో ఇద్దరు మనుషులం. ఒకరు తిప్పుతుంటే ఒకరు ఒళ్ళు తుడిచాం. వారం రోజులుగా చిక్కుపడ్డ జుట్లు దువ్వాం. జస్వంత్ తాత వీపు మీద పుండు మొదలవుతోందని ఇవాళే కనబడింది, మందు రాశాం. ఆడపడుచులు రెండూ మా తలల మీద తిరుగుతుంటే తవిటప్ప "తప్పుకో ఒదినా" అని వాటిని అదిలించింది.

మధ్యాహ్నం పదకొండో మంచం దగ్గర కూర్చున్నాను. పట్టీ ప్రకారం లాస్యమ్మ గారు తవిటప్ప పూచీ, చెంచా నా చేతిలో. విజయనగరంలో ఎక్కి బరంపురం దాకా వెళ్ళాం. మధ్యలో ఎవరో టికెట్టు లేకుండా దొరికితే ఆవిడ నా చేత క్షమాపణ చెప్పించారు. గిన్నె ఖాళీ అయింది. అడుగున మిగిలిన చెంచా కూడా గీకి పెట్టించుకున్నారు. "తిన్నాది" అని తవిటప్ప హాలు అవతలి నుంచి అడగకుండానే చెప్పింది, అక్కణ్ణించి చూస్తూనే ఉంది కాబోలు.

సాయంత్రం ఏడు కావస్తుండగా ఇద్దరం గుమ్మం ముందు నిలబడి పలక వైపు చూశాం. దాన్ని ఎర్రగా చూడాలని నేను ఇంతగా కోరుకుంటానని ఎప్పుడూ అనుకోలేదు.

ఏడైంది. తవిటమ్మ పేరు పక్కన ఇరవై నాలుగు అని కనబడింది. అలా కనబడి, సున్నా అయింది. రాత్రి షిఫ్టు ఆమెదే కదా, ఏడింటికి ఆమె డ్యూటీ కొత్తగా మొదలైంది.

పలక పచ్చగానే ఉంది. గుమ్మం తెరుచుకుంది, మనిషి వచ్చారనుకున్నాను. ఒకదాని వెనక ఒకటి ఆరు మంచాలు తోసుకొచ్చారు. వాటి వెనక దమయంతి మేడం వచ్చారు.

"ఇవాళ పగలు మీ హాల్లో నర్సులు నలుగురని పలక చూపించింది" అన్నారు. "మీరిద్దరూ, ఆ రెండూ. నాలుగెనిమిదులు ముప్పై రెండు. మిగులు సిబ్బంది ఉన్నారని, కింది హాలు మూసేసి ఆరుగురిని ఇటు పంపారు. రేపు మూడో ఆడపడుచుని బిగిస్తారు. అప్పుడు మీలో ఒకరే ఉన్నా లెక్క సరిపోతుంది."

"మేం ఆగామని చెప్పలేదా మేడం?"

"చెప్పాను. హక్కు వినియోగించుకున్నారు, సంతోషం అన్నారు."

గోరుచుట్టు మీద రోకటి పోటంటే ఇదే. ఇరవై నాలుగు గంటలు నిలబడిన మనిషి తవిటప్ప, కొత్తగా వచ్చిన ఆరు మంచాల వైపు చూసి, గోడ పట్టుకుని కిందికి జారి కూర్చుంది. కాలు నొక్కి చూశాను. వేలు పెట్టిన చోట గుంట పడి అలాగే ఉండిపోయింది. ఈలోగా ఇంటికెళ్ళే ఆఖరి లాంచీ కూడా వెళ్ళిపోయింది.

"లెగుత్తానుండమ్మీ" అంటోంది కానీ లేవలేకపోతోంది.

ఆమెని విడిపించడానికి ఒకటే దారి. నేను తొమ్మిదో మంచం దగ్గరికి వెళ్ళి హర్షితమ్మ గారి కాలు తాకాను. అక్కణ్ణించి ఆగకుండా ఇరవై ఎనిమిదో కాలిదాకా తాకాను. కొత్తవాళ్ళ పేర్లు తవిటప్పకీ తెలియవు, నాకూ తెలియవు, మంచం మీద రాసినవి చదివి 'నాది' అన్నాను. దమయంతి మేడం తన చేతులతో తవిటప్పని లేపి, దుప్పట్ల గదిలో పడుకోబెట్టారు. మేడం పట్టీ గడువు తీరి పదేళ్ళయింది, ఆవిడ కాళ్ళు తాకినా రంగు మారదు.

నోటు 11. కాళ్ళు: 28

రాత్రి గడిచింది. ఎలా గడిచిందో రాయను. ఉదయం తవిటప్ప లేవలేదు, రెండు కాళ్ళూ మోకాళ్ళ దాకా పొంగిపోయాయి. డాక్టరు తెర మీద చూసి, మూడు రోజులు కాళ్ళు కింద పెట్టొద్దన్నాడు. కాబట్టి నన్ను విడిపించడానికి ఎవరూ రాలేదు, నేనే ఉన్నాను, ఏడింటికి నా గంటలూ సున్నా అయ్యాయి. మూడో ఆడపడుచుని బిగించే పనివాళ్ళు ఉదయమంతా హాలు మధ్య నిచ్చెనలు వేసుకున్నారు. తవిటప్ప గుమ్మం దాటలేదని పలక ఆమెనీ లెక్కేస్తూ పచ్చగా ఉంది.

పొద్దున గిన్నె లాస్యమ్మ గారు తినలేదు. మధ్యాహ్నం గిన్నెలో రెండు చెంచాలు. నాలుగింటికి తెర మీద ప్రశ్న వచ్చింది. 'పదకొండో మంచం. మింగలేరు. ధ్రువీకరించండి.' కింద 'కాదు' అని కూడా ఉంటుంది. 'కాదు' నొక్కాను. నొక్కితే గంటలోపు ఆడపడుచు చూస్తుండగా నా చేత్తో గిన్నెడూ తినిపించాలి.

స్టూలు లాక్కున్నాను. "టికెట్టు" అన్నారు. చూపించాను. మొదటి చెంచా మింగారు. రెండోది మింగారు. ఆరు చెంచాలు మింగారు, తొమ్మిది నిమిషాల్లో. ఇది ఇక్కడ స్పష్టంగా ఉండాలని రాస్తున్నాను: ఆవిడ మింగగలరు.

అప్పుడు ఇరవై నాలుగో మంచం గంట మోగింది. కొత్తగా వచ్చినాయన ఊపిరి గొట్టం పీకేసుకున్నారు, మొహం నల్లబడుతోంది. వెళ్ళి పెట్టాను, చేతులు పట్టుకుని కూర్చున్నాను. అక్కడే ఉండగా మూడో మంచం. మూడో మంచం పక్కబట్టలు మారుస్తుండగా పదిహేడు. తిరిగి పదకొండుకి వచ్చేసరికి గంట అయిపోయింది. అంబలి పైన మీగడలా తెట్టు కట్టింది.

తెర మీద ప్రశ్న మళ్ళీ వచ్చింది. ఈసారి 'కాదు' లేదు. జవాబివ్వకపోతే విస్మరించినట్టు, రెండో ఎర్ర గీత. నా పట్టీ కత్తిరిస్తే ఇరవై ఎనిమిది కాళ్ళూ ఎవరు తాకాలి? దుప్పట్ల గదిలో కాళ్ళు ఎత్తున పెట్టుకుని పడుకున్న మనిషే తాకాలి. ఆమె వస్తుంది. పాక్కుంటూనైనా వచ్చి తాకుతుంది, నాకు తెలుసు.

వేలు పెట్టాను.

'మింగలేరు' అని నా పేరుతో ఉంటుంది. అది అబద్ధం. మింగించడానికి మనుషుల్లేరు, అదే నిజం. ఆ నిజానికి తెర మీద గడి లేదు, అందుకని ఇక్కడ రాశాను. ఏడేళ్ళ లోపు ఎవరైనా ఇది చదివితే, నన్ను తిట్టండి, ఫరవాలేదు, కానీ ఆవిడని లేపండి.

బండి ఐదున్నరకి వస్తుందన్నారు. చలువ గదికి వెళ్ళేవాళ్ళకి ముందు ఏమీ పెట్టకూడదని గిన్నె ఆడపడుచు తీసుకుపోయింది. నేను ఆవిడ మొహం తుడిచి, జుట్టు సరిచేస్తున్నాను. ఎస్తేరు వెళ్ళినప్పటినుంచి ఆవిడ ఒక్కసారి కూడా తిండి అడగలేదు. ఇప్పుడు నా చెయ్యి పట్టుకుని నన్ను బాగా పోల్చుకున్నట్టు చూశారు.

"అసిరమ్మా, ఆకలేస్తోందే" అన్నారు. "అన్నం ఎప్పుడు పెడతావు?"

పదిహేడో మంచం గంట మళ్ళీ మోగుతోంది.

"ఇదిగో మామ్మా, వచ్చేస్తున్నాను" అని చెప్పి అటు వెళ్ళాను.